అల్లరిలో మన ర్యాంకెంత?

ఒక్క పీరియడు చేతికిస్తే లోకాన్ని బాగుచేసేస్తానని నమ్మిన రోజులు కొన్ని నాకూ ఉండేవి. హేతువాద సభల్లో వాదించి వాదించి గొంతు రాటుదేలింది గానీ ఉద్యోగం మాత్రం దొరకలేదు. చివరికి తిరుపతిలో ఒక ప్రైవేటు బడివాళ్లు, తొమ్మిదో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. హెడ్మాస్టరమ్మకు నచ్చితే కొలువు, లేకుంటే మళ్లీ పుత్తూరు బస్సు. (అక్కడ మా నాయన, "వాదించేదానికి యాడన్నా జీతమిస్తారా రా?" అని అడగడానికి సిద్ధంగా ఉన్నాడు.)

నేను గదిలోకి వెళ్లేసరికి పిల్లలు బల్లల మీద దరువేస్తున్నారు. ఏ దేశపు తరగతుల్లో ఎంత అల్లరి ఉంటుందో పోల్చిన వ్యాసం ఒకటి అంతకు ముందే పత్రికలో చదివి ఉన్నాను. దాన్నే బయటికి తీశాను. "జపాన్‌లో పంతులు పాఠం చెబుతుంటే దోమ రెక్క చప్పుడైనా వినిపిస్తుందట. ఫ్రాన్సులో సగం పీరియడు నోళ్లు మూయించడానికే పోతుందట" అన్నాను, సిగ్గుపడతారని. ర్యాంకుల ఊళ్లో పెరిగిన పిల్లలన్న సంగతి మరిచాను. ముందు బెంచీ అబ్బాయి ఆత్రంగా లేచి, "మన ర్యాంకెంత సార్?" అన్నాడు. "మనల్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు" అన్నాను. అంతే, గది భగ్గుమంది. "అన్యాయం సార్! మా క్లాసుని ఒక్కసారి సూసుంటే ఫ్రాన్సోళ్లు యాడుండేవాళ్లు?" ఈలలు, కేకలు, బల్లల మోత. దేశభక్తి అంత చప్పుడు చేయగలదని నాకు అప్పుడే తెలిసింది.

తలుపు దగ్గర హెడ్మాస్టరమ్మ ప్రత్యక్షమైంది. "ఏమప్పా, ఏం జరగతా ఉండాది ఈడ?"

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, దర్జీ కూతురు (తోటి పిల్లలు పెట్టిన పేరు లాయరమ్మ), లేచింది. "సారు అన్ని దేశాల క్లాసుల గురించి సెప్తా ఉండారు మేడమ్. సార్, ఆ అల్లరి లెక్క ఎవుర్నడిగి రాసినారు?"

"టీచర్లని."

"అల్లరి సేసినోళ్లని అడగలేదా?"

"అడిగినట్టు లేదు."

"ఒక పక్కోళ్ల మాట ఇని తీర్పు సెప్పేసినారా! పాఠం బాగలేకుంటే పిల్లోళ్లు ఏం సెయ్యాల సార్?"

జవాబు కోసం గదంతా ఆగిపోయింది. (జపాన్ దోమ ఆ క్షణాన మా గదిలో ఎగిరినా వినిపించేది.) ఎందరో స్వాములను నిలదీసిన నాకు, ఆ వ్యాసాన్ని నిలదీయాలని తోచనే లేదు. కొలువు చేజారినట్టే అనుకుంటూ, "నా దగ్గర జవాబు లేదమ్మా. చదివేటప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న నువ్వడిగావు" అన్నాను.

హెడ్మాస్టరమ్మ నవ్వింది. "ఈ పిల్లకి జవాబు సెప్పలేక కూర్చో అని కసిరినోళ్లే నీకు ముందొచ్చిన సార్లందరూ. తెలీదని ఒప్పుకున్నోడివి నువ్వేనప్పా. సోమవారం నించి రా."

ఇప్పుడు ఏ సభలో మాట్లాడినా జనం చేతులు కట్టుకుని వింటారు, చప్పట్లు కొడతారు, నిర్వాహకులు మురిసిపోతారు. నేను మాత్రం నీళ్ల గ్లాసు అందుకుని, దాహం లేకపోయినా గుక్క గుక్కగా తాగుతూ, వెనక వరుసల్లో ఎవరైనా లేస్తారేమోనని చూస్తుంటాను.