డ్రైవరమ్మ ట్రాక్టరుకు కొత్త గొట్టాలు

డ్రైవరమ్మ తన ట్రాక్టరు మీద ఈగ వాలనిచ్చేది కాదు. అది ఆవిడ తండ్రి వాడిన బండి. అన్న దాన్ని పాత ఇనుము కింద అమ్మేయబోతుంటే, అప్పటికి కొత్త పెళ్లికూతురైన ఈవిడ పుట్టింటికి వెళ్లి నానా యాగీ చేసి, స్వయంగా నడుపుకుంటూ అత్తవారింటికి తెచ్చుకుంది. అప్పటినుంచి చుట్టుపక్కల ఎవరి పొలం దున్నాలన్నా ఆవిడే. గేరు మార్చేటప్పుడు బండి గుర్రుమంటే, "ఏమైందమ్మా నీకు?" అని బుజ్జగించేది. తనకు జ్వరం వచ్చినప్పుడైనా అంత మెత్తగా అడగలేదని ఆవిడ మొగుడిగారి ఫిర్యాదు.

ఆయన దర్జీ. ముందుగదిలో ఆయన కుట్టుమిషను, పెరట్లో రేకుల షెడ్డు కింద ఆవిడ ట్రాక్టరు. కుట్టు ఒక పోగు పక్కకు జరిగినా ఆయనకు నిద్రపట్టదు. ఆవిడవన్నీ కంటి కొలతలే. ఇన్నేళ్లూ కాపురం ఎలా చేశారో వాళ్లకే తెలియాలి.

ఆ ఏడు బడులు తెరిచేముందు దర్జీకి ఊపిరాడనంత పని పడింది. పిల్లల తెల్లచొక్కాలు కుట్టి, ఇస్త్రీ చేసి, బల్ల మీద దొంతరగా పేర్చాడు. సాయంత్రానికల్లా పై చొక్కా కాలరు మీద నల్లటి బొటనవేలి గుర్తు ప్రత్యక్షమైంది.

"ఇదెవరి పనో నువ్వే చెప్తావా, పోలీసుల్ని పిలవనా?" అన్నాడు భార్యతో.

"గుండీలు బాగున్నాయని చూశానయ్యా."

"చూడ్డానికి కళ్లు చాలవా? అయినా చేతికి ఆ డీజిలేంటి? బండి కారుతోందా?"

"కారటమేం లేదు. కాస్త చెమట పట్టింది, అంతే."

చెమట కాదని ఆవిడకూ తెలుసు. ఇంజెక్టర్లు వాడుకోగా మిగిలిన డీజిలును తిరిగి ట్యాంకుకు చేర్చే సన్నని రబ్బరు గొట్టాలు ఎండిపోయి పగుళ్లు తేలాయి. సబ్బు మెత్తి, గుడ్డ చుట్టి, దారం బిగించి చాలాకాలంగా నెట్టుకొస్తోంది. వాటిని మారిస్తే బండి ముసలిదైందని ఒప్పుకున్నట్టే. ఆ లెక్కన తనూ అంతేగా!

దర్జీ పెరట్లోకి వెళ్లి ఇంజను కింద తెల్లగుడ్డ ముక్కొకటి పరిచి వచ్చాడు. తెల్లవారాక దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి భార్యకు చూపించాడు. గుడ్డ తడిసి ముద్దయింది.

"పాపం, రాత్రంతా బాగా ఉక్కపోసినట్టుంది," అన్నాడు.

డ్రైవరమ్మ ఆయన్ని కొరకొరా చూసి, చెప్పులేసుకుని విడిభాగాల దుకాణానికి బయల్దేరింది. డీజిలుకు తట్టుకునే గొట్టం, క్లిప్పులు కొనుక్కొచ్చి పనిలోకి దిగింది. పాత గొట్టాలు పట్టుకోగానే పెళపెళా విరిగి ముక్కలయ్యాయి. మెడలో టేపు వేలాడేసుకుని దర్జీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కొలిచి కోయరాదూ?"

"ఇదేమైనా పంట్లామా కొలవడానికి? నీ పని నువ్వు చూసుకో."

మొదటి ముక్క సరిపోయింది. రెండోదీ కుదిరింది. ఆఖరి ముక్క మాత్రం అటు తగిలిస్తే ఇటు అందలేదు. చేతిలో గొట్టం అయిపోయింది. పక్కనుంచి చిన్న శబ్దం వినబడింది.

"ఏమన్నా అన్నావా?"

"లేదు లేదు. దగ్గొచ్చింది."

పంతం పట్టి ఆవిడ ఆ ముక్కనే సాగదీసి, క్లిప్పు బిగించి ఇంజను స్టార్టు చేసింది. ఎలా ఉందోనని దర్జీ వంగి చూశాడు. ఊగే ఇంజను మీద గొట్టం టప్పున ఊడింది. డీజిలు చిమ్మి ఆయన చొక్కా మీద పడింది. ఆవిడ గబగబా ఇంజను ఆపింది. మసి మరక పడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇప్పుడింక ఊరుకుంటాడా?

దర్జీ తలొంచి చొక్కా చూసుకున్నాడు. "నాకూ చెమట పట్టిందే," అన్నాడు.

డ్రైవరమ్మ పడీపడీ నవ్వింది. నిలబడలేక కింద చతికిలబడి, కళ్లు తుడుచుకోబోయి మొహమంతా మసి పూసుకుంది. నవ్వు కాస్త తగ్గాక, "సరేలే, కొలువు. నవ్వావంటే మాత్రం చూడు," అంది.

ఆయన నవ్వకుండానే కొలిచాడు. "ఊగేది కదా, కాస్త వదులుండాలి. బిగువుగా కుడితే చంకల్లో పిగిలినట్టు ఇదీ ఊడుతుంది." ఆవిడ మళ్లీ దుకాణానికి వెళ్లి ఇంకొంచెం గొట్టం తెచ్చి, ఆయన చెప్పిన కొలతకే కోసింది. బండి స్టార్టు చేసి, గొట్టాల పొడవునా వేలితో తడిమి చూసింది. చుక్క తడి లేదు. మొగుడి ముందు మరీ సంతోషపడితే అలుసైపోతానని మొహం గంభీరంగా పెట్టింది గానీ, అది ఎంతోసేపు నిలవలేదు.

"ఎక్కు, అలా ఓ చుట్టు తిరిగొద్దాం," అంది.

ఇన్నేళ్లలో ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదలు. మడ్‌గార్డు మీద కూర్చుని, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, వీధి మలుపు తిరగకముందే "నెమ్మది, నెమ్మది" అని గోల పెట్టాడు. ఆవిడ వేగం తగ్గించింది. ఆయన ఇంకా తగ్గించమన్నాడు. సంచీ పట్టుకుని పక్కనే నడుస్తున్న ముసలాయన ఒకడు వాళ్లను దాటిపోతూ, బండి చెడిందా అని జాలిగా అడిగాడు.

"బండి బానే ఉంది బాబాయ్," అంది డ్రైవరమ్మ. "భయపడేది ఈయనే!"