దొర బంగళాలో బెత్తం

కువైట్‌లోని ఎగైలాలో నేను వంట చేసే ఇంటికి, మేం మామా అని పిలిచే యజమానురాలి తమ్ముడు వచ్చి చేరినప్పటి నుంచి ఏదో ఒకటి పగలని రోజు లేదు. భార్య విడాకులు తీసుకుని వెళ్లిపోయిందట. ఆ కోపమంతా మోసుకుని అక్క ఇంట్లో దిగాడు. అన్నం చల్లారిందని పళ్లెం ఎత్తి గోడకేసి కొట్టాడు. కాళ్లకు అడ్డం వచ్చిందని పిల్లిని మెట్ల మీంచి తన్నాడు. నన్ను నోటికొచ్చినట్టు తిట్టేవాడే కానీ చెయ్యి చేసుకునేవాడు కాదు. వయసులో పెద్దదాన్ని, అరబ్బీ బాగా వచ్చినదాన్ని, తిరిగి మాట్లాడతానని జంకేమో. అతని చెయ్యి పడేదంతా పిల్లల్ని చూసుకునే కోనసీమ అమ్మాయి మీద.

ఆ అమ్మాయిది నవ్వు ముఖం. ఊళ్లో కొబ్బరి పీచు పని చేసి అరచేతులు బండబారాయని, ఇక్కడికొచ్చాక మెత్తబడ్డాయని చూపించి మురిసిపోయేది. నేను రాయచోటి దాన్ని. నా మాటకు ఆమె, ఆమె మాటకు నేను నవ్వుకుంటూ వంటింట్లో పొద్దు గడిపేవాళ్లం. చొక్కా మీద ముడత మిగిలిందని ఒకరోజు అతను వేడి ఇస్త్రీపెట్టెను ఆమె ముంజేతికి ఆనించాడు. ఆ అరుపు విని పరుగెత్తి వెళ్లేసరికి పిల్ల నేల మీద కూర్చుని చెయ్యి ఊదుకుంటోంది. అతను వేరే చొక్కా వేసుకుంటున్నాడు.

కాలిన చోట చల్లటి నీళ్లు పోస్తూ, "ఈ పొద్దు మామాతో చెప్పేస్తా పాపా. ఎంతకని ఓర్చుకుంటావు?" అన్నాను.

"మామాకి తెలీదనుకుంటన్నావా అక్కా? ఆవిడికీ ఆడంటే భయమే."

నిజమే. మామా బడిలో టీచరు, నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషి. కానీ తమ్ముడు గొంతు పెంచితే చాలు, గోడ వైపు జరిగిపోయేది. చిన్నప్పుడు నేర్చుకున్న జరగడం అది. ఆమె భర్త సముద్రంలో చమురు తీసేచోట పని చేసేవాడు, వారాల తరబడి ఇంట్లో ఉండేవాడు కాదు.

బంగళా చూడాలన్న కోరిక మామా వాళ్ల అమ్మది. ఇంగ్లీషు దొరలు చమురు కోసం వచ్చిన కాలంలో ఆమె భర్త అహ్మదీలో ఒక దొరకు కారు డ్రైవరు. ఆ దొర ఉన్న బంగళాను ఇప్పుడు బాగుచేసి జనానికి చూపిస్తున్నారని ఎవరో చెప్పారు. పెద్దావిడ మోకాళ్లు పట్టేసి చక్రాల కుర్చీలో తిరుగుతోంది. అయినా పట్టు పట్టింది.

"పెళ్లయిన కొత్తలో ఆయనకు అన్నం తీసుకుని వెనక గేటు దాకా వెళ్లేదాన్ని. ముందు గుమ్మంలోంచి ఒక్కసారి లోపలికి పోవాలి" అంది.

చలికాలం శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక బయల్దేరాం. మామా కారు నడిపింది, పక్కన తమ్ముడు. వెనక పెద్దావిడ, పిల్లలిద్దరు, మేమిద్దరం. నేను సంబూసాలు వేయించి డబ్బాలో సర్దాను. పెద్ద స్టీలు ఫ్లాస్కు నిండా గహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోశాను.

బంగళా తెల్లగా, పొడుగాటి వరండాతో ఉంది. ముందంతా పచ్చిక. కువైట్లో అంత పచ్చిక ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ యూకలిప్టస్ చెట్లు, గోడ పొడుగునా గులాబి రంగు పూల గన్నేరు పొదలు. పెద్దావిడ కుర్చీని మెట్లెక్కించడానికి నేను, కోనసీమ అమ్మాయి చెరోవైపు పట్టుకున్నాం. గుమ్మం దాటగానే ఆమె చేతికర్రతో నేలను తట్టి, "చెక్క" అని మాత్రం అంది.

చూపించేవాడు ఈజిప్టు మనిషి. దొరలు టీ తాగిన బల్ల, వెండి గిన్నెలు, దొరసాని పియానో చూపించాడు. హాల్లో గోడ నిండా తుపాకులు, వాటి మధ్య కొమ్ములున్న జింకల తలలు. వాటికి గాజు కళ్లు పెట్టారు. ఇరాక్ సైనికులు వచ్చినప్పుడు ఇక్కడ కాపలావాణ్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాల్చారని చెబుతూ గోడలోని తూటా గుంటల్ని వేలితో తాకి చూపించాడు. వాటిని పూడ్చకుండా అలాగే ఉంచారు. మామా పెద్ద కూతురి చెవులు మూసింది. తమ్ముడు మాత్రం దగ్గరికెళ్లి గుంటలో వేలు పెట్టి చూశాడు.

తుపాకుల కింద ఒక బెత్తం కొక్కేలకు తగిలించి ఉంది. ముదురు గోధుమ రంగు, పిడికి వెండి తొడుగు. పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని కుర్చీ ఆపించింది.

"ఇది నాకు తెలుసు" అంది. "కారు అద్దం మీద దుమ్ము ఉందని ఆయన్ని దీంతో కొట్టాడు. వీపు చిట్లింది. ఆ రాత్రి ఉప్పునీళ్లతో నేనే కడిగాను. పొద్దున్నే మళ్లీ పనికి వెళ్లాడు."

ఈజిప్టు మనిషి గొంతు సవరించుకుని పక్క గదిలోకి దారి చూపించాడు. అందరూ అటు కదిలాక తమ్ముడు బెత్తాన్ని కొక్కేల మీంచి తీశాడు. గాలిలో ఒకసారి ఝళిపించాడు. ఈజిప్టు మనిషి వెనక్కి పరుగెత్తుకొచ్చి, "అయ్యా, దాన్ని ముట్టుకోకూడదు, దయచేసి ఇవ్వండి" అన్నాడు.

"మా నాన్న వీపు చీల్చిన బెత్తం ఇది. మాకు హక్కుంది" అని అతను నవ్వుతూ వెనక తోటలోకి నడిచాడు. బెత్తాన్ని తొడకేసి కొట్టుకుంటూ పోతున్నాడు.

వెనక తోట చివర పనివాళ్ల గదులు వరసగా ఉన్నాయి. గుమ్మాలు ఎంత చిన్నవంటే తల వంచకుండా ఎవరూ దూరలేరు. మన దేశం నుంచి తెచ్చిన వంటవాళ్లు అందులో ఉండేవారట. వాటికి ఎదురుగా పచ్చిక మీద చాప పరిచి నేను గహ్వా కప్పులు సర్దుతున్నాను. మామా కుర్చీ పక్కన కూర్చుని తల్లి కాళ్లు నొక్కుతోంది. పెద్ద పాప యూకలిప్టస్ కాయలు ఏరుకుంటోంది. అప్పుడే నడక వచ్చిన చిన్న పాప తప్పటడుగులు వేస్తూ పొదల దగ్గరికి పోయింది.

కోనసీమ అమ్మాయి ఒక్కసారిగా కేక పెట్టింది. "అక్కా, గన్నేరు! నోట్లో ఎట్టేసుకుంది!"

పరుగున వెళ్లి పాపను ఒడిసిపట్టి, నోట్లో వేలు పెట్టి, నమిలిన రేకుల్నీ ఆకుల్నీ లాగేసింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. గన్నేరు విషమని మన ఊళ్లలో ఎవరికి తెలీదు? నేను నీళ్ల సీసా పట్టుకుని లేచాను. అంతలో తమ్ముడు గదుల మూల తిరిగి వచ్చాడు. అతనికి కనిపించింది ఏడుస్తున్న మేనకోడలు, ఆమె నోట్లో పనిమనిషి వేళ్లు.

ఒక్క మాట అడగలేదు. మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. రెండోది మెడ మీద. ఆమె పాపను వదిలేసి పారిపోవచ్చు. పారిపోలేదు. దెబ్బ బిడ్డకు తగలకుండా వీపు అతని వైపు తిప్పి, పాపను పొట్టకు అదుముకుని నేల మీదికి వంగిపోయింది. అతను కొడుతూనే ఉన్నాడు. దుస్తులు చిరిగిన చోటల్లా చర్మం లేచి నెత్తురు చిమ్మింది. ఆమె ముఖం తిప్పి "బాబా, పాయిజన్, పాయిజన్" అని అరిచింది. ఆ తిప్పిన ముఖం మీద కూడా కొట్టాడు. బెత్తం కొస కంటి కింద చీల్చింది.

"రేయ్! ఇడ్సురా దాన్ని!" అని తెలుగులోనే అరుస్తూ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాను. అతను విదిలించి, వెండి పిడితో నా నోటి మీద పొడిచాడు. ముందు పన్ను విరిగి నాలుక మీదికొచ్చింది. దాన్ని ఉమ్మేశాను. ఆ ఉమ్మిన నెత్తురు చూశాక నాలో భయమన్నది మిగల్లేదు. చాప మీద ఉన్న స్టీలు ఫ్లాస్కును రెండు చేతులా ఎత్తి అతని తల మీద కొట్టాను.

ఆ చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తుంది. ఎండుకాయ పగిలినట్టు ఉంది. మూత ఊడి వేడి గహ్వా అతని ముఖం మీద, నా చేతుల మీద ఒలికింది. అతను మోకాళ్ల మీద పడ్డాడు. చెవి పక్క నుంచి నెత్తురు కారి గడ్డంలోకి దిగింది. నిజం చెప్తున్నాను, అది చూసి నా ఒళ్లంతా చల్లబడింది, దాహం తీరినట్టు. మళ్లీ ఎత్తాను. ఈలోగా అతను నా కాళ్లు లాగి పడేశాడు, లేచి పక్కటెముకల్లో తన్నాడు. ఒక బూటు దెబ్బకు ఊపిరి ఆగిపోయింది. తోటమాలులు ఇద్దరు, ఈజిప్టు మనిషి కలిసి అతని మీద పడి పచ్చికకు అదిమేదాకా తన్నుతూనే ఉన్నాడు.

పాప మీద ఒక్క దెబ్బా పడలేదు.

పోలీసులు వచ్చారు. అంబులెన్సు కోనసీమ అమ్మాయినీ, పాపనూ తీసుకుపోయింది. మామా పాపతో వెళ్లబోతూ ఆగి, తల్లిని పెద్ద పాపతో సహా ఈజిప్టు మనిషికి అప్పగించింది. నన్ను, తమ్ముణ్ని వేరువేరు కార్లలో స్టేషనుకు తీసుకుపోయారు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అతను తలకు కట్టుతో వచ్చి, పనిమనిషి తనను చంపబోయిందని, ఇంకో పనిమనిషి పాపకు విషం పెట్టిందని చెప్పాడు. ఎంత నింపాదిగా చెప్పాడంటే, విన్నవాళ్లెవరైనా నమ్ముతారు. నాకు కళ్ల ముందు జైలే కనిపించింది.

ఆసుపత్రి నుంచి మామా వచ్చింది. పాప క్షేమమని, నోట్లోంచి వెంటనే తీసేయడం వల్లే బతికిందని డాక్టరు చెప్పాడట. ఆఫీసరు ఆమెను అడిగాడు: "మొదట కొట్టింది ఎవరు?"

మామా తమ్ముడి వైపు చూసింది. కుర్చీలోనే కొంచెం పక్కకు జరిగింది. ఆ జరగడం చూసి నా ఆశ పోయింది.

అప్పుడే ఈజిప్టు మనిషి పెద్దావిడ కుర్చీని తోసుకుంటూ లోపలికి తెచ్చాడు. ఆమె ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది.

"కొట్టింది వీడు. ఆ పిల్ల నా మనవరాలిని కడుపులో దాచుకుని దెబ్బలు తింది. ఈ వంటమనిషి అడ్డం పోయింది. అడ్డం పోకపోతే ఆ పిల్ల చచ్చేది."

ఆఫీసరు గొంతు తగ్గించి, "అమ్మా, ఆలోచించి చెప్పండి. ఆయన మీ కొడుకు" అన్నాడు.

"నా కొడుకే. వీడు తన భార్యను కొట్టినప్పుడు కూడా కొడుకేనని నోరు మూసుకున్నాను. ఖలాస్. రాసుకో."

తమ్ముడు "యుమ్మా!" అని అరిచాడు. ఆమె అతని వైపు తిరగలేదు. అప్పుడు మామా లేచి నిలబడింది. "అమ్మ చెప్పింది నిజం. నేను చూశాను. చిన్నప్పుడు నన్నూ కొట్టేవాడు" అంది.

ఆ సాయంత్రమే నన్ను వదిలేశారు. అతన్ని కొన్నాళ్లు లోపల ఉంచి, ఇంకెప్పుడూ ఆ ఇంటి గడప తొక్కనని సంతకం పెట్టించుకుని పంపించారు. జహ్రాలో చుట్టాల దగ్గర ఉంటున్నాడని విన్నాను. అంతకు మించి శిక్ష పడలేదు. నాకది చాలదు. మామా చాలనుకుంది. మా ఇద్దరికీ దాని మీద మాట కుదరలేదు, ఇప్పటికీ కుదరదు. కానీ నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తానే తీసుకెళ్లి, నా పెదవికి వేసిన కుట్లు విప్పేదాకా వంట తానే చేసింది. ఉప్పు ఎక్కువ వేసేది. అందరం తినేసేవాళ్లం.

కోనసీమ అమ్మాయి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఆ ఇంటి వాసన కూడా భరించలేనంది. మామా ఎదురు చెప్పకుండా, వేరేచోట పనికి కుదరడానికి రిలీజ్ కాగితం ఇచ్చింది. ఇప్పుడు మంగఫ్‌లో ఒక లేడీస్ టైలరు దగ్గర గుండీలు కుడుతోంది. ఎడమ కంటితో దారం సరిగ్గా కనిపించదు, తల వంచి కుడి కంటితోనే సూదిలో ఎక్కిస్తుంది. మొన్న శుక్రవారం నేను వెళితే పులుసు కాచింది. తింటూ ఉండగా వెనక గదిలో ఎవరో తలుపు గట్టిగా వేశారు. ఆమె కంచం వదిలేసి కత్తెర పట్టుకుని లేచి నిలబడింది. తలుపు గాలికి పడిందని తెలిశాక కూడా కాసేపు కూర్చోలేదు.

"ఏడుపు రావట్లేదక్కా" అంది. "కోపమే వత్తంది. పొద్దున్నే లేచిన కాడి నుంచీ. మాయదారి కోపం, ఏం సెయ్యాలో తెలట్లేదు."

"నాక్కూడా అంతే పాపా" అన్నాను. "ముందు అన్నం తిను. చల్లారిపోతాంది."

కత్తెర పక్కన పెట్టుకునే తింది.