వెనక్కి చూసి కదిలేవాడు

రాజులు సింహాసనం ఎక్కే ముందు జరిగే తతంగాల మీద గ్రంథాలున్నాయి. కండక్టరు సైకిలెక్కే ముందు జరిగే తతంగం మీద ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. చరిత్ర ఇలాంటి అన్యాయాలు చాలానే చేసింది.

ముందు ఎడమకాలు పెడలు మీద పెడతాడు. తర్వాత మెడ తిప్పి, కుడి భుజం మీదుగా వీధి చివరిదాకా చూస్తాడు, ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని. ఎవరూ రారు. పక్కింటి పిల్లి గోడ మీంచి చూస్తూ ఉంటుంది గాని, దానికి ఎక్కడికీ వెళ్లే ఉద్దేశం ఉండదు. ఆ సంగతి నిర్ధారించుకున్నాక రెండుసార్లు బెల్లు కొడతాడు. అప్పుడు గాని సీటు మీద కూర్చోడు. కూరగాయల కొట్టు వీధి మలుపులోనే ఉంది. అయినా క్రమం తప్పదు. ఓసారి జోరువానలో భార్య గుమ్మంలో నిలబడి, "ఎవరూ రారు గాని బయల్దేరండి. ఆ బస్సు మిమ్మల్ని వదిలేసింది, మీరే దాన్ని వదల్లేదు" అంది. అతను తడుస్తూనే వెనక్కి చూశాడు, తడుస్తూనే రెండు కొట్టాడు.

బస్సు వెనక తలుపు దగ్గర నిలబడే అతని ఉద్యోగమంతా గడిచిపోయింది. ఒక బెల్లు కొడితే బండి ఆగాలి. రెండు కొడితే కదలాలి. ముందు సీట్లో ఉండే డ్రైవరుతో అతనికి డ్యూటీలో వేరే భాష అవసరం పడలేదు. ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవారు గాని చుట్టరికం ఏమీ లేదు. ఒకడి వీపు చూస్తూ ఇంకొకడు ముసలివాడైపోతే ఏర్పడే బంధుత్వం అది.

రిటైరయ్యాక ఇద్దరూ సాయంత్రాలు టీ దుకాణం బల్ల మీద కూర్చునేవారు. అక్కడ డ్రైవరు ఒక జోకు కనిపెట్టాడు.

"ఎన్ని ఊళ్లు తిరిగుంటావు బావా నువ్వు?"

కండక్టరు వేళ్లు మడవబోయేలోగా తనే జవాబు చెప్పేవాడు. "ఒక్క ఊరూ లేదు. తిరిగింది నేను. నిన్ను తీసుకెళ్లాను. బస్సు పైన మూటలూ అలాగే వచ్చాయి."

బల్ల మీదున్నవాళ్లు నవ్వేవారు. మొదట్లో కండక్టరు కూడా నవ్వాడు. జోకు పాతబడింది, నవ్వు పాతబడింది, చివరికి అది కూరలో ఉప్పులా రోజూ పడాల్సిందైపోయింది. కండక్టరుకు గుచ్చుకున్నది జోకు కాదు, దానికి తన దగ్గర జవాబు లేకపోవడం. ఎంత వెతుక్కున్నా, తనంతట తాను వెళ్లిన దూరం కూరగాయల కొట్టు దాటడం లేదు.

అలాంటి రోజుల్లో సైకిళ్ల దుకాణం గోడ మీద ఒక కాగితం కనిపించింది. బడిలో డ్రిల్లు చెప్పే టీచరమ్మ కొంతమందిని కూడగట్టి, వారం రోజులు పొలాల మధ్య సైకిళ్ల మీద తిప్పుతుందట. కండక్టరు అక్కడికక్కడే పేరిచ్చాడు.

"మోకాళ్లను ఒక మాట అడిగారా?" అంది భార్య.

"వాటిని అడిగితే ఏ పనీ జరగదు."

"తోడుగా పిల్లిని పంపనా?"

టీచరమ్మ నియమం ఒకటే పెట్టింది. వెనకాల ఒక వ్యాను వస్తుంది, తొక్కలేనివాళ్లు అందులో ఎక్కొచ్చు. "ఎక్కినంత మాత్రాన ఎవరూ ఏమీ అనరు" అని కూడా హామీ ఇచ్చింది. కండక్టరును భయపెట్టింది ఆ హామీయే. వారమంతా ఏమైనా సరే ఆ వ్యానెక్కకూడదని ఆ క్షణాన్నే ఒట్టు పెట్టుకున్నాడు. ఎక్కాడా, టీ బల్ల మీద ఇక జన్మలో జవాబుండదు.

మొదటిరోజు పొద్దున వ్యాను వచ్చింది. స్టీరింగు వెనక డ్రైవరున్నాడు.

"నువ్వా!" అన్నాడు కండక్టరు.

"బండి మా మేనల్లుడిది. వాడికి నడుంనొప్పి. ఎవరో ఒకరు నడపాలిగా?" డ్రైవరు వెనక్కి తిరిగి సీటు మీద దుమ్ము దులిపాడు. "కిటికీ పక్కది నీకే ఉంచాను బావా."

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమంటే ఇదే. పైగా ఈ పిల్లి చంకలో కాదు, వెనకాలే హారన్ కొట్టుకుంటూ వస్తోంది.

పొలాల అందం గురించి టీచరమ్మ చాలా చెప్పింది. అందం ఉన్నమాట నిజమే. కాకపోతే అది సైకిలు మీద వెళ్లేవాడికి చాలా నెమ్మదిగా అయిపోతుంది. మొక్కజొన్న చేను మొదలైందంటే మధ్యాహ్నం దాకా మొక్కజొన్న చేనే. దాని వెనక దున్ని వదిలేసిన నేల, దాని వెనక గడ్డివాము, వాము నీడలో ఒక కుక్క. ఆ కుక్క కుర్రవాళ్ల సైకిళ్ల వెంట పరిగెత్తేది. కండక్టరు వచ్చేసరికి లేచి నిలబడి, ఒకసారి చూసి, మళ్లీ పడుకునేది. ఎదురుగాలి మాత్రం అతన్ని చాలా శ్రద్ధగా పట్టించుకుంది. రెండో రోజుకే పిక్కలు పట్టేశాయి. మూడో రోజు కూర్చోవడమనే మామూలు పని కూడా ఆలోచించి చేయాల్సొచ్చింది. సాయంత్రాలు ఏదో ఒక బడి గదిలో బల్లలు పక్కకు జరిపి పడుకునేవారు. నేల మీంచి లేవడానికి అతను ముందు పక్కకు దొర్లి, తర్వాత మోకాళ్ల మీదికొచ్చి, ఆపైన బల్ల అంచు పట్టుకుని, విడతలవారీగా నిలబడేవాడు.

అందరికంటే వెనక కండక్టరు. అతని వెనక వ్యాను. ఇన్నేళ్ల పద్ధతి తలకిందులై, ఇప్పుడు వీపు చూసే వంతు డ్రైవరుకొచ్చింది.

"ఎక్కు బావా. ట్రాక్టరు కూడా మనల్ని దాటిపోతోంది" అనేవాడు కిటికీలోంచి తల బయటపెట్టి. "బండికి పరువుంటుంది. పొద్దున్నుంచీ ఫస్టు గేరులో ఏడుస్తోంది."

"దాటిపోనీ. దానికి పనుంటుంది."

"నీకేం పని?"

కండక్టరు తొక్కేవాడు.

ఒక్క విషయంలో మాత్రం అతని మాట చెల్లింది. గుంపు ఆగిన ప్రతిచోటా, ఎవరైనా నీళ్లకో చెప్పు సరిచేసుకోవడానికో వెనకబడితే, వాళ్లు వచ్చేదాకా అతను కదిలేవాడు కాదు. వచ్చాక వెనక్కి చూసి రెండు కొట్టేవాడు. నాలుగో రోజుకల్లా కుర్రవాళ్లు కూడా ఆ రెండు బెల్లులూ వినబడందే కదలడం మానేశారు. డ్రైవరైతే మొదటిరోజు నుంచే అంతే. ఎన్ని వెటకారాలాడినా సరే, ఒక బెల్లుకు ఆగాడు, రెండు బెల్లులకు కదిలాడు. అతని పాదాలు అలా తయారై ఉన్నాయి.

ఆఖరిరోజు దారిలో ఒక గుట్ట వచ్చింది. దాని అవతలే సొంత ఊరు. టీచరమ్మా కుర్రవాళ్లూ ముందే దాటిపోయారు. కండక్టరు సైకిలు దిగి, దాన్ని తోస్తూ, అడుగు తీసి అడుగు వేస్తూ, గుట్ట పైకి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఇక కాదనుకున్నాడు. వారం మొత్తంలో మొదటిసారి తనకోసం ఒక బెల్లు కొట్టుకున్నాడు. సైకిలును గట్టుకు ఆనించి, రోడ్డు పక్క రాతి మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుంటే తప్పేముందనిపించింది. మూసుకున్నాడు.

వెనక వ్యాను ఆగింది. ఎక్కుడులో బ్రేకు తొక్కకుండా, క్లచ్చు సగం పట్టి, బండిని వెంట్రుకవాసి వెనక్కి జారకుండా నిలబెట్టడం డ్రైవరు పేరు మోసిన విద్య. పది ఊళ్లలో దానికి చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. కాకపోతే బస్టాపులో అది ఎవరో ముసలమ్మ దిగేంతసేపు. ఇక్కడ కండక్టరు నిద్రపోయాడు. రెండు బెల్లులు రాలేదు. డ్రైవరు పాదం కదల్లేదు. పిలవడానికి పౌరుషం అడ్డొచ్చింది, బ్రేకు తొక్కడానికి పేరు అడ్డొచ్చింది.

కండక్టరు కాలిన వాసనకు మేలుకున్నాడు. వ్యాను రోడ్డు వారకు జారి, మొక్కజొన్న గట్టుకు వీపు ఆనించి ఉంది.

"పోయింది" అన్నాడు డ్రైవరు దిగుతూ. "క్లచ్చు ప్లేటు మసి."

"మరి బ్రేకు తొక్కొచ్చుగా?"

"మరి రెండు కొట్టొచ్చుగా?"

"నిద్రపోయాను బావా."

"చూశాను. గురక కూడా విన్నాను."

ఇద్దరూ కాసేపు ఆ రాతి మీదే కూర్చున్నారు. ఒకడికి కాళ్లు పీకుతున్నాయి, ఇంకొకడికి క్లచ్చు తొక్కిన పాదం వణుకుతోంది. పోట్లాడే ఓపిక ఎవరికీ లేదు.

"నువ్వు పో. ఊళ్లో మెకానిక్కును పంపు" అన్నాడు డ్రైవరు చివరికి. "వ్యానెక్కకుండా వచ్చానని చెప్పుకో. సాక్ష్యం నేనిస్తాలే."

కండక్టరు లేచాడు, విడతలవారీగానే. సైకిలును గుట్ట పైదాకా తోశాడు. డ్రైవరు వ్యానుకు తాళం వేసి, తాళంచెవి ఏం చేయాలో తోచక, సాగనంపడానికన్నట్టు వెనకే నడిచొచ్చాడు. కండక్టరు ఎడమకాలు పెడలు మీద పెట్టాడు. మెడ తిప్పి, కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు.

రిటైరయ్యాక మొదటిసారి, అక్కడ ఎక్కాల్సిన మనిషి ఒకడున్నాడు.

కండక్టరు సంచి విప్పి మెడలో వేసుకుని క్యారియరు ఖాళీ చేశాడు. "ఎక్కు బావా."

"ఎవరైనా చూస్తే?"

"ఎవరూ ఏమీ అనరు."

డ్రైవరు ఒళ్లంతా ముడుచుకుని వెనక కూర్చున్నాడు. పట్టుకోవడానికి స్టీరింగు లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టాలో తెలియక, కండక్టరు నడుం పట్టుకున్నాడు. కండక్టరు రెండు కొట్టాడు.

ఊరి మొదట్లో టీచరమ్మ, కుర్రవాళ్లు, కండక్టరు భార్య ఎదురుచూస్తున్నారు. సైకిలు ఆగింది. ముందు డ్రైవరు దిగాడు, ఆ తర్వాత కండక్టరు.

"వ్యానేదండీ? మీరెలా వచ్చారు?" అంది టీచరమ్మ డ్రైవరుతో.

డ్రైవరు ప్యాంటు దులుపుకున్నాడు. ఆకాశం కేసి చూశాడు. టీ బల్ల మీద ఇక జోకులుండవని అతనికీ తెలుసు.

"ఇదిగో, ఇతను తీసుకొచ్చాడు" అన్నాడు.

కండక్టరు భార్య భర్త చేతిలోంచి సైకిలు అందుకుంది. అతను ఇంత గడ్డి ఉన్నచోట చూసుకుని కూలబడ్డాడు.

ఆ గుట్ట మీంచి ఊళ్లోకి దారంతా పల్లమే. పెడలు తొక్కే పని ఒక్కసారీ పడలేదు.