పొగాకు బ్యారన్‌లో అయిదు నిమిషాల సినిమా

బొమ్మల సినిమాలు తీసేవాళ్ళకు చుట్టాలతో ఒక చిక్కు ఉంది. "సినిమా తీస్తోందట" అని ఒకసారి పొక్కిందంటే, ఎంతసేపటి సినిమా అని ఒక్కరూ అడగరు. ఎనభైల్లో నేను హైదరాబాద్‌లో ఒక అద్దె గదిలో ఉంటూ, పళ్ళపొడికీ తలనూనెకీ ప్రకటనల బొమ్మలు వేసి పొట్టపోసుకునేదాన్ని. మిగిలిన వేళల్లో నా సొంత సినిమా చేసుకునేదాన్ని. తెర మీద మనిషి ఒక్క అడుగు వేయాలంటే డజను బొమ్మలు గీయాలి. అవి గీయడం, రంగులు వేయడం, ఒక్కొక్కటే కెమెరా కింద పెట్టి తీయడం, అన్నీ నేనే. మూడేళ్ళు పట్టింది. అంతా కలిపితే అయిదు నిమిషాలు వచ్చింది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి అడవిలోంచి నడుస్తుంది, కథ అంతే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో బాబాయి వాళ్ళ ఊళ్ళో, పొగాకు కాల్చే బ్యారన్‌కు కట్టెలు తెచ్చే ఆడవాళ్ళను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఆ నడక మనసులో ఉండిపోయింది. ఏదో పెళ్ళికి హైదరాబాద్ వచ్చిన బాబాయి నా గదిలో ఆరేసిన బొమ్మలు చూసి మురిసిపోయాడు. మా ఊరి బొమ్మలు ముందు మా ఊరివాళ్ళే చూడాలని పట్టుబట్టాడు. అలా మొదలైంది ఈ ప్రయాణం.

ఖమ్మంలో పొద్దున ఆరు గంటల బస్సు దొరికితే తల్లాడ, పెనుబల్లి, సత్తుపల్లి మీదుగా పది, పదిన్నరకల్లా అశ్వారావుపేటలో దిగొచ్చు. అప్పట్లో చార్జీ పది రూపాయలు దాటేది కాదు. నేను మాత్రం కిరాయికి తెచ్చిన ప్రొజెక్టర్ పెట్టెకు కూడా టికెట్ కొట్టించుకోవలసి వచ్చింది. పెట్టెలో ఏముందని కండక్టర్ అడిగితే సినిమా మిషన్ అన్నాను. తల్లాడ వచ్చేలోగా ఆ సంగతి బస్సంతా పాకింది. హీరో ఎవరని వెనక సీటులోంచి ఎవరో అడిగారు. హీరో లేడన్నాను. "హీరో లేకుంట సినిమా ఏంది మేడం," అని కండక్టర్ జాలిగా నవ్వి ముందుకు పోయాడు.

అశ్వారావుపేట స్టాండులో బాబాయి ట్రాక్టర్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళకు దండోరా వేయించానని దారిలో గర్వంగా చెప్పాడు. అడవి అంచు గూడేల నుంచి ఆడవాళ్ళు కూలి మానుకుని వచ్చారట. పులిహోర కలిపించాడట. ఎంతసేపటి సినిమానో చెప్పడానికి నేను రెండుసార్లు నోరు తెరిచాను గానీ, ఆ మొహంలో వెలుగు చూసి మూసుకున్నాను. నా పిరికితనానికి ఇంకో పేరు పెట్టను.

ఇప్పుడు అక్కడ ఎటు చూసినా పామాయిల్ తోటలు. అప్పుడు పొగాకు. ఆకు కాల్చే కాలం అయిపోతే బ్యారన్ ఖాళీగా పడి ఉండేది. కిటికీలు లేని ఎత్తయిన గది, తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. మోటారు షెడ్డు నుంచి కరెంటు లాగారు. బాబాయి తెల్ల పంచె తెర అయింది. ఆ ఉక్కలో జనం ఒకరి మోకాళ్ళ మీద ఒకరు పడేలా కూర్చున్నారు. పొగాకు ఘాటుకు పిల్లలు తుమ్ముతున్నారు. గూడేల ఆడవాళ్ళు తమ భాషలో గుసగుసలాడుకుంటుంటే నేను మిషన్ తిప్పాను.

అయిదు నిమిషాలయ్యాక తెర తెల్లబడింది. రీలు కొస టపటపా కొట్టుకుంటోంది. ఒక్కరూ లేవలేదు. అందరూ ఖాళీ పంచె వైపే చూస్తున్నారు. బాబాయి నా చెవి దగ్గరికి వంగి, ఇంటర్వెల్లా అని అడిగాడు. అయిపోయిందని చెప్పాను. అర్థం కావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. అప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. తేరుకుని జనం వైపు తిరిగి, "మిషన్ పాడైపోయిందర్రా, ఏమీ అనుకోకండి, పులిహోర తిని వెళ్ళండి," అన్నాడు. నా పరువు కాపాడదామనే. నేను కాదనలేదు. మూడేళ్ళ పనిని అక్కడే నిలబడి కాదనుకున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే తలవంచుకుని రీలు చుట్టాను. మర్నాటిదాకా ఉండమని పిన్ని బతిమాలినా, మూడు గంటల బస్సుకే పోతానన్నాను.

అశ్వారావుపేట స్టాండు మీదుగా గూడేల వాళ్ళను దింపి రావడానికి అదే ట్రాక్టర్ బయల్దేరుతుంటే అందులోనే ఎక్కాను. పక్కన ముత్తమ్మ అని ఒక పెద్దావిడ కూర్చుంది. బాబాయి బ్యారన్‌కు ఏళ్ళ తరబడి కట్టెలు వేసిన మనిషి. నేను ఎటో చూస్తుంటే నా మోచేయి తట్టింది.

"మిషిన్ బాగైనంక మల్లొస్తవా బిడ్డా? గామె మోపు ఎప్పుడు దించుతదో అని సూస్తున్నం. గంతల్నే ఖరాబైపాయె."

వాళ్ళు లేవకుండా కూర్చున్నది అసలు సినిమా ఇంకా ఉందనుకుని కాదు. ఆ మోపు దిగలేదని. నా కథలో దించడమే లేదు. నడక అందంగా ఉందని నడిపిస్తూ పోయి, చెట్ల మధ్య మాయం చేసి, గొప్ప ముగింపు అనుకున్నాను.

"దించుతదా?" అని మళ్ళీ అడిగింది.

"దించుతుందమ్మా," అన్నాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మెడ వంచకుండా మోకాళ్ళ మీద కుంగడం, మోపు పక్కకు వాలడం, నెత్తి మీది చుట్టకుదురు తీసి చెమట తుడుచుకోవడం, అన్నీ కొత్తగా గీశాను. తెర మీద అది అర నిమిషం కూడా ఉండదు. మరుసటి ఏడాది మళ్ళీ ప్రొజెక్టర్ పెట్టెతో అదే బస్సెక్కాను. ఈసారి దండోరా వద్దని బాబాయికి ముందే చెప్పాను. అయినా బ్యారన్ నిండింది. మోపు నేల మీదికి వాలగానే చీకట్లో ఎవరో "అమ్మయ్య" అన్నారు. ఆ వెంటనే చాలా గొంతులు అన్నాయి. తెర తెల్లబడేసరికి చీరలు దులుపుకుని లేచి బయటికి నడిచారు. ఇంకా ఏముందని ఎవరూ అడగలేదు.

ముత్తమ్మ మాత్రం నా దగ్గరికి వచ్చి ప్రొజెక్టర్ మీద చెయ్యేసింది. "మిషిన్ మంచిగ చేపిచ్చినవ్ బిడ్డా," అంది. దారి పొడుగునా కూడదీసుకున్న మాట అప్పుడు చెప్పాను. మిషన్ నిరుడు కూడా బాగానే ఉందని, సినిమాయే అంతవరకు ఉందని, మూడేళ్ళు గీసినా మోపు దించాలని నాకే తోచలేదని. బాబాయి నేల వైపు చూస్తున్నాడు. ముత్తమ్మ ప్రొజెక్టర్ మీంచి చెయ్యి తీసింది.

"అయితే మూడేండ్లు గామెతోని గట్లనే మోపిచ్చినవా?" అంది. కోపంగా కాదు.

ఆ తర్వాత చాలా చిన్న సినిమాలు తీశాను. ఇప్పటికీ ఎవరైనా ఆ మోపు దించే బొమ్మను మెచ్చుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మొదటిసారి బ్యారన్‌లో సిగ్గుపడింది సినిమా పొట్టిదైనందుకు. అది తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ముత్తమ్మ ముందు పడ్డ రెండో సిగ్గు మాత్రం ఏ సినిమా మొదలుపెట్టినా నాతోనే కూర్చుంటుంది, కూర్చోనీ అని వదిలేశాను.

అటువైపు సినిమా పట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. తిరుగు బస్సు అదే రోజుకు పెట్టుకోకండి. చూసినవాళ్ళు నోరు విప్పేది మిషన్ పెట్టెలో సర్దేశాకే. ముత్తమ్మ మాట నా చెవిన పడిందంటే, పారిపోవడానికి నాకు ఆ పూట ఇంకో బండి దొరక్కపోబట్టే.