ఊరూ పేరూ తెలియని ఇల్లు

నా భార్య ఒక కిడ్నీ కోసం రెండేళ్ళ నాలుగు నెలలు ఎదురుచూసింది. అది రాలేదు. చదివేవాళ్ళు చివరిదాకా ఆశపడకుండా ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆమె ఎలా ఎదురుచూసిందో రాసి పెట్టుకోవాలనే ఇది మొదలుపెట్టాను.

మాది అవనిగడ్డ. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఆమె వీధి వైపు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మాకు పిల్లలు లేరు. రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసినప్పుడు నాది ఇస్తానన్నాను. నాకు షుగరుందని డాక్టర్లు వద్దన్నారు. గుడివాడలో ఉన్న వాళ్ళక్కకి బీపీ. ఇక మిగిలింది ఒకటే దారి. చనిపోయినవాళ్ళ అవయవాలను ఇంటివాళ్ళు దానం చేస్తే వాటిని వరసలో ఉన్నవాళ్ళకి ఇస్తారు. ఆ వరసలో ఆమె పేరు రాయించాం. పిలుపు వస్తే వెంటనే విజయవాడకి బయల్దేరాలన్నారు. అప్పటిదాకా వారానికి మూడు రోజులు బందరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి.

మా చర్చి సంఘంలో గురువారం సాయంత్రాలు స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది, ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. పాస్టరమ్మగారిది పెద్ద గొంతు. ఆవిడ ప్రార్థన చేస్తే వీధి చివరి కిరాణా కొట్టుకి వినిపిస్తుంది. "ప్రభువా, ఈ నెల దాటకూడదు! ఈ నెలలోనే మా చెల్లికి కిడ్నీ దయచేయండి!" అని ఆవిడ అంటే మిగతా ఆడవాళ్ళు "స్తోత్రం" అనేవాళ్ళు. కూడిక మా ఇంట్లో అయినప్పుడు నేను వెనక గదిలో పుస్తకం పట్టుకు కూర్చుని లోపల్లోపల ఆమెన్ అనుకునేవాణ్ణి. నా భార్య కూడా గట్టిగానే ఆమెన్ అనేది. ఆ మాటలో తప్పేముందో మాలో ఎవరికీ తోచలేదు.

ఏడో నెలలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ వచ్చింది. పక్కింటాయన కారు తీశాడు. కరకట్ట మీదుగా వెళ్ళాం. దారంతా నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. అక్కడికి వెళ్ళాక తెలిసింది, ముందు జాగ్రత్తకి ఇద్దరిని పిలిచారని. ఆమెది రెండో పేరు. మొదటి మనిషికి ఏదైనా అడ్డం వస్తేనే ఆమెకి.

రక్తం తీసుకుని మమ్మల్ని వరండాలో కూర్చోమన్నారు. ఎదురుగా మెట్ల దగ్గర ఒకాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఆయన పక్కన ఒకావిడ గోడకి చేరబడి ఉంది. ఆవిడ ఏడవడం లేదు. ఆయన చేతిలో ఒక చొక్కా ఉంది, కుర్రవాళ్ళు వేసుకునే గళ్ళ చొక్కా. దాన్ని మోకాలి మీద పెట్టి మడత పెడుతున్నాడు. మడత సరిగ్గా కుదరక మళ్ళీ విప్పి మళ్ళీ పెడుతున్నాడు. నేను చూసింది అంతే. ఆమె ఇంకోటి చూసింది.

సాయంత్రం మమ్మల్ని వెళ్ళిపోవచ్చన్నారు. మొదటి మనిషికే సరిపోయిందట. పక్కింటాయన కారులోనే వెనక్కి బయల్దేరాం. ఉయ్యూరు దాటాక ఆమె అంది:

"ఆ చొక్కాని ఆస్పత్రిలో కత్తెరతో కోశారండి. కుట్టు మీద కోస్తే మళ్ళీ కలపొచ్చు. గుడ్డ మధ్యన కోశారు. ఇంక దేనికీ పనికిరాదు. ఆయన దాన్ని మడత పెడుతున్నాడు."

ఆ కిడ్నీ ఇచ్చిన ఇంటివాళ్ళు వాళ్ళేనని మాకెవరూ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆమె అడగనూ లేదు.

ఆ గురువారం కూడిక మా ఇంట్లోనే. పాస్టరమ్మగారు మామూలుగానే మొదలుపెట్టారు. "ప్రభువా, ఒకసారి చేతిదాకా తెచ్చి వెనక్కి తీసుకున్నారు. ఈ వారంలోనే ఇంకొకటి..."

"అమ్మగారూ, ఒక్క నిమిషం ఆపండి" అంది నా భార్య.

మా సంఘంలో పాస్టరమ్మగారి ప్రార్థనని మధ్యలో ఆపినవాళ్ళు అంతకుముందు లేరు. వెనక గదిలో నా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది.

"ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదండీ. మీరు తొందరగా ఇమ్మని అడుగుతున్నారు. తొందరగా రావాలంటే ఎవరింట్లోనో తొందరగా ఒకళ్ళు పోవాలి కదండీ. ఎవరింట్లో పొమ్మని అడుగుదాం?"

మూల నుంచి ఒక ముసలావిడ, "అవునే, ఇన్నాళ్ళూ మనం అడుగుతున్నది అదా!" అంది. పాస్టరమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"మరి ఏమని అడగమంటావమ్మా?" అన్నారు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. ఆ వయసులో, ఆ గొంతుతో, అంతమంది ముందు ఆ ప్రశ్న వేయడం తేలిక కాదు.

"ఆ ఇంటి కోసం అడగండి. ఏ ఊరో ఏ పేరో మనకి తెలియదు. నాకు రావాల్సింది వచ్చేరోజు వాళ్ళింట్లో ఏడుపు ఉంటుంది. ఆ రోజు తర్వాత వాళ్ళకి అన్నం సయించాలి. నిద్ర పట్టాలి. అది అడగండి. నాకెప్పుడివ్వాలో దేవుడికి తెలుసు."

అప్పటినుంచి ప్రతి గురువారం జబ్బుపడినవాళ్ళ పేర్లు, పిల్లల పరీక్షలు అయ్యాక చివరగా ఆ మాట వచ్చేది. "ఊరూ పేరూ మాకు తెలియని ఆ ఇంటిని జ్ఞాపకం చేసుకోండి ప్రభువా" అనేవాళ్ళు.

ప్రార్థన ఆపిన ఆ రోజు వాళ్ళంతా వెళ్ళాక నేను ఆమె మీద కోప్పడ్డాను. మా ముప్పై ఏళ్ళ కాపురంలో అంత గట్టిగా మాట్లాడింది ఒకటి రెండుసార్లే.

"ఎవరు ఎప్పుడు పోతారో నీ ప్రార్థన వల్ల అవుతుందా? పోయేవాళ్ళు ఎలాగూ పోతారు. నీకు బతకాలని లేదా?"

"ఎందుకు లేదూ? లేకపోతే వారానికి మూడుసార్లు సూదులు పొడిపించుకుంటానా?" అంది. తర్వాత అన్నం వడ్డిస్తూ అంది: "ఇవాళ ఫోన్ రాలేదంటే ఎవరింట్లోనో ఒక మనిషి ఇవాళ కూడా అన్నం తింటున్నాడని అర్థం. అలా అనుకుంటే నాకు ఆలస్యం అనిపించట్లేదండీ. మీరూ తినండి."

నాకు అంత విశ్వాసం లేదు. ఆమెకి తెలియకుండా నేను తొందరగా ఇమ్మనే అడిగేవాణ్ణి, చివరిదాకా.

బందరులో ఆమె పక్క మంచం గిలకలదిండి వైపు నుంచి వచ్చే ఒకావిడది. చేపల వ్యాపారం. ఆవిడకి వరసలో పేరు కూడా లేదు. గుండె బలహీనమని ఆపరేషనుకి పనికిరాదన్నారు. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. నాలుగు గంటలు గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు.

"ఏం వదినా, మీ దేవుడికి నీ అడ్రసు దొరకలేదా ఇంకా?"

"దొరికింది. దారిలో ఉన్నాడు."

"ఏ బస్సెక్కాడో! మీరొచ్చే దారిలోనే కదా మోపిదేవి గుడి. మా స్వామికి కూడా ఓ మాట చెప్పకపోయావా?"

"నీ గురించి చెప్పమంటావా, నా గురించా?"

"నా గురించి నేను చెప్పుకుంటాలే. స్వామి నా మాట వింటే మా ఆయన్ని ముందు బాగుచెయ్యాలి" అని ఆవిడ నవ్వితే మిషను దగ్గర నర్సు కసిరేది, చెయ్యి కదపొద్దని.

ఉప్పు, ఎండుచేప తినకూడదని ఆవిడకి డాక్టరు చెప్పారు. "అమ్మేది అదే, నాకే పనికిరాదంట. చూశావా తమాషా!" అనేది. ఒకసారి నేను నోరు జారి, ఎదురుచూపు ఎంతకాలమో తెలిస్తే బాగుండునన్నాను. ఆవిడ నా వైపు తల తిప్పింది.

"అన్నయ్యగారూ, సముద్రం మీదికి వేటకెళ్ళినోడు ఎప్పుడొస్తాడో మాకెవరన్నా చెప్తారా? గాలి మారిందంటే రెండ్రోజులు ఆలస్యం. అలాగని పొయ్యి వెలిగించకుండా కూర్చుంటామా? వచ్చేసరికి కూడు ఉండాలి కదా. రాకపోయినా ఇంట్లో ఉన్నోళ్ళు తినాలి కదా."

నా భార్యకి ఆ మాట చాలా నచ్చింది. బస్సులో రెండుసార్లు తనలో తనే అనుకుంది.

ఆమె చేసింది కూడా అదే. పెళ్ళి జాకెట్లు రెండు నెలల ముందే ఒప్పుకునేది. "మధ్యలో ఫోన్ వస్తే?" అంటే, "వస్తే గుడ్డలు మీరు తిరిగిచ్చేయండి. రాకపోతే నేను కుట్టేస్తాను" అనేది. ఫోన్‌ని కొలతల పుస్తకం మీద పెట్టి కుట్టేది. మోగితే తీసేది, అంతేగాని ఊరికే దాని వంక చూసేది కాదు. చూసేవాణ్ణి నేను.

నీళ్ళు రోజుకి ఒక సీసా మించి తాగకూడదు. మే నెలలో మా దివిసీమ ఉక్క తెలిసినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది. పొద్దున్నే సీసా నింపుకుని దాని మీద దారంతో మూడు చోట్ల కట్లు కట్టుకునేది, మధ్యాహ్నానికి ఇంత, సాయంత్రానికి ఇంత అని. ఒకరోజు మధ్యాహ్నం జాకెట్టు కొలతలివ్వడానికి ఎండలో నడిచి వచ్చినావిడ, విషయం తెలియక, టేబులు మీదున్న ఆ సీసా ఎత్తి గటగటా తాగేసింది. నా భార్య కొలతలు రాసుకుంది. ఆవిడ వెళ్ళాక నేను మళ్ళీ నింపబోతే వద్దంది. ఎంత తాగిందో తనకి లెక్క తప్పుతుందట. సాయంత్రందాకా నాలుక మీద నిమ్మచెక్క రాసుకుని కూర్చుంది. "ఆవిడకి బాగా దాహమేసినట్టుంది పాపం" అంది.

ఆమె మంచితనం గురించి ఇంకా చాలా చెప్పగలను. చెప్తే ఆమె ఊరుకోదు. ఆమెకి విసుగూ ఉండేది. చేతులు వాచినరోజు సూదిలో దారం ఎక్కకపోతే మిషనుని తిట్టేది. ఒక ఆదివారం చర్చిలో పాటల మధ్యలో లేచి బయటికి వచ్చేసి, "ఇవాళ నాకు పాడాలని లేదండీ, ఇంటికి పోదాం" అంది. ఆ వారం చర్చికి మళ్ళీ వెళ్ళలేదు. కానీ గురువారం ఆ ఇంటి కోసం ప్రార్థన మాత్రం మానలేదు.

ఒక మంగళవారం పొద్దున్న మిషను చప్పుడు ఆగిపోయింది. నేను లోపల పేపరు చదువుతున్నాను. దారం తెగిందనుకున్నాను. ఎంతసేపటికీ మళ్ళీ చప్పుడు లేకపోతే వెళ్ళి చూశాను. తల మిషను మీదకి వాలి ఉంది. బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక పోయింది.

నేను వరండాలో కూర్చున్నాను. చేతిలో ఆమె చెప్పులున్న కవరు ఉంది. ఒక నర్సమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"సార్, ఈ టైములో అడగకూడదు. కళ్ళు ఇస్తే ఇద్దరికి చూపొస్తుందండి. ఎదురుచూస్తున్నవాళ్ళు ఉన్నారు. మీ ఇష్టమేనండీ."

గుడివాడ నుంచి అప్పుడే వచ్చిన వాళ్ళక్క ఆ మాట విని నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మరిదిగారూ. ఇన్ని సూదులు పొడిచారు, చాలు. రేపు పునరుత్థానంలో కళ్ళు లేకుండా లేస్తుందా అది?"

మాతోపాటు వచ్చిన పాస్టరమ్మగారు అక్క భుజం మీద చెయ్యి వేశారు. ఆ పెద్ద గొంతు ఆ రోజు చాలా చిన్నగా ఉంది. "మట్టిలోంచి మనిషిని లేపేవాడికి కళ్ళు పెట్టడం కష్టమా అమ్మా?"

వాళ్ళక్క ఏడ్చింది. వద్దని మళ్ళీ అనలేదు. నేను సంతకం పెట్టాను. అరగంటలో అయిపోయింది. ముఖంలో ఏ తేడా తెలియలేదు. ఎవరికి పెడతారని నేను అడగలేదు.

బుధవారం సమాధి చేశాం. గురువారం కూడిక ఆ వారం ఇంకొకరింట్లో ఉండాలి గాని, మా ఇంట్లో పెట్టారు. ఈసారి నేను వెనక గదిలోకి వెళ్ళలేదు. వాళ్ళతోపాటు చాప మీద కూర్చున్నాను. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. ఒకళ్ళిద్దరు ఏదో మాట్లాడారు. పాస్టరమ్మగారు ప్రార్థన మొదలుపెట్టారు. జబ్బుపడినవాళ్ళ పేర్లు అయ్యాయి. పిల్లల పరీక్షలు అయ్యాయి. అలవాటు ప్రకారం చివరి మాటకి వచ్చారు.

"ఊరూ పేరూ మాకు తెలియని ఆ ఇంటిని..."

అక్కడ ఆగిపోయారు. నేను కళ్ళు తెరిచాను. అందరూ కళ్ళు తెరిచే ఉన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. దాదాపు రెండేళ్ళుగా ప్రతి గురువారం ఆ మాటకి ఆమెన్ అన్నవాళ్ళే అంతా.

కాసేపటికి పాస్టరమ్మగారే మళ్ళీ అందుకున్నారు.

"ఈ ఇంటిని జ్ఞాపకం చేసుకోండి ప్రభువా. అన్నం సయించనివ్వండి. నిద్ర పట్టనివ్వండి."

ఆమెన్ అన్నాను. వాళ్ళంతా వెళ్ళాక, పక్కింటివాళ్ళు మూత పెట్టి ఉంచిన అన్నం వడ్డించుకుని తిన్నాను. మంగళవారం తర్వాత కడుపునిండా తినడం అదే మొదటిసారి.