వేడి కట్టలు, చల్లని బల్ల

ఆమె పనిచేసే గది ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్లు దిగగానే ఎడమ వైపు ఉంది. గదికి రెండు కిటికీలు. ఆపరేషన్లలో వాడిన కత్తెరలు, పట్టకార్లు, గిన్నెలు ఒక కిటికీలోంచి నెత్తురుతో లోపలికి వస్తాయి. కడిగి, ఆరబెట్టి, ఏరి, పళ్లెంలో సర్ది, రెండు పొరల ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, టేపు అంటించి, క్రిములు చచ్చేలా ఆవిరి యంత్రంలో పెడతారు. బయటికొచ్చేసరికి, ఆవిరి తగిలిన గుర్తుగా, టేపు మీది లేత చారలు నల్లబడతాయి. అప్పుడా కట్ట రెండో కిటికీలోంచి పైకి వెళుతుంది. ఆ రెండు కిటికీల మధ్య ఆమెకు ఇరవై ఆరేళ్లు గడిచాయి.

కట్టకు టేపు అంటించేటప్పుడు బొటనవేలితో గట్టిగా అదుముతుంది. అదుముతూ పెదవులు కదుపుతుంది. లెక్క పెట్టుకుంటోందేమో అనుకున్నాను. అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది.

"ఈ కట్ట ఎవరి కోసం విప్పుతారో నాకు తెలీదు కదండీ. అందుకే, 'పేరు నీకు తెలుసు ప్రభువా, చూసుకో' అంటాను. అంతే."

ఆ గదిలో ఆమెకు చాలాకాలం ఉన్న పేరు పరిశుద్ధమ్మ. భోజనాల దగ్గర ఎవరి గురించైనా గుసగుసలు మొదలైతే డబ్బా మూసుకుని లేచి వెళ్లిపోయేది. అబద్ధపు సెలవు చీటీ మీద సాక్షి సంతకం పెట్టమంటే పెట్టేది కాదు. మొదట్లో ఎగతాళిగా పెట్టిన పేరే అది. పోనుపోను అలవాటైపోయింది.

"నిజం చెప్పొద్దూ, ఆ పేరు వింటే పైకి విసుక్కునేదాన్ని గానీ, లోలోపల తియ్యగా ఉండేది" అంది నవ్వుతూ.

మూడేళ్ల కిందట ఆమె సంఘంలో స్త్రీల కూడిక పెట్టుకున్నారు. పరిశుద్ధ జీవితం గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మగారు ఈమెను అడిగారు. రెండు కాగితాల నిండా రాసుకుంది. వారం రోజులు అద్దం ముందు చదివింది. స్కూలు బస్సు నడిపే ఆమె భర్తకు అది కంఠతా వచ్చేసింది. "మూడో పేరాలో 'ఆమేన్' కొంచెం తొందరగా వస్తోంది" అని సలహా కూడా ఇచ్చాడట.

అంతకు ముందు వారమే పెద్ద నర్సమ్మ ఆమెను పిలిచి, వచ్చే నెల నుంచి గది బాధ్యత నీకే ఇద్దామనుకుంటున్నాం అని చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె పని మీద రిజిస్టరులో ఒక్క మచ్చ లేదు.

కూడిక రోజు సాయంత్రం ఐదుకు చివరి విడత యంత్రంలోంచి వచ్చింది. పద్దెనిమిది కట్టలు. వాటిని తీగ అరల మీద పెట్టి, ముట్టుకోకుండా చల్లారనివ్వాలి. అరల్లో అంతకుముందు విడత ఇంకా ఉంది. పద్నాలుగు కట్టలు పట్టాయి, నాలుగు మిగిలాయి. బయట భర్త హారన్ కొడుతున్నాడు. అర ఖాళీ చేసేదాకా ఆగకుండా ఆ నాలుగింటినీ స్టీలు బల్ల మీద పెట్టేసింది.

ఆ గదిలో ఎవరూ చేయకూడని పని అది. వేడి కట్టను చల్లని బల్ల మీద పెడితే అడుగున చెమ్మ పడుతుంది. తడిసిన గుడ్డలోంచి బయటి మలినం లోపలికి పోతుంది. కాసేపటికి గుడ్డ ఆరిపోతుంది. మరక ఉండదు. చారలు నల్లగానే ఉంటాయి. ఎవరు చూసినా మంచి కట్టే. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి నేర్పేది ఆమే.

పాత విడతను బీరువాలోకి సర్దింది, బల్ల మీది నాలుగింటినీ తీసి మిగతావాటి మధ్య పెట్టేసింది, చీర మార్చుకుని స్కూటరెక్కింది. రెండు వీధులు దాటారు. చేతిలో కాగితాలు. మొదటి వాక్యం మనసులో అనుకుందామంటే నోట్లోకి రాలేదు.

"ఏవండీ, బండి తిప్పండి."

"ఏం, కళ్లజోడు మర్చిపోయావా?"

"కాదు. నాలుగు కట్టలు."

"పొద్దున్నే చూసుకోవచ్చుగా! అక్కడ పాస్టరమ్మగారు నీ కోసం..."

"పొద్దున ఎనిమిదింటికే ఎవరో ఆపరేషన్ బల్లెక్కుతారండీ. తిప్పండి."

యంత్రం చూసే పెద్దాయన అప్పుడే తలుపు వేయబోతున్నాడు. అందరూ ఆవిరి బాబాయి అంటారు.

"బాబాయ్, ఉండు. చివరి విడత మొత్తం మళ్లీ చేయాలి."

"ఏమైంది? చారలు బొగ్గులా ఉన్నాయిగా."

"నాలుగు కట్టలు వేడివేడిగా బల్ల మీద పెట్టాను. ఏ నాలుగో ఇప్పుడు నాకూ తెలీదు."

ఆయన కళ్లు పెద్దవి చేశాడు. "నువ్వా? పరిశుద్ధమ్మా, నా చెవులు సరిగానే పనిచేస్తున్నాయా?" అని పగలబడి నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "ఆరిపోయాయి కదమ్మా. నేనెవరికీ చెప్పను. బల్లకు నోరు లేదు."

"బల్లకు లేదు బాబాయ్. నాకుంది. ఆ నోటితోనే ఇంకో అరగంటలో మైకు ముందు మాట్లాడాలి."

ఆయన చొక్కా చేతులు మడిచాడు.

ఫోను చేస్తే పెద్ద నర్సమ్మే దిగి వచ్చింది. అరవలేదు. "అరిస్తే బాగుండేది" అంది ఈమె నాతో. రిజిస్టరు తెరిచి, జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టమంది. ఆ వంకర సంతకాన్ని ఈమె నాకు చూపించింది. తర్వాత పద్దెనిమిది కట్టలూ విప్పారు, కొత్త గుడ్డలు చుట్టారు. చుట్టినంతసేపూ ఆవిరి బాబాయి పక్కనే నిలబడి టేపు ముక్కలు చించి అందించాడు.

అక్కడ కూడికలో ఇంకో కథ జరిగింది. ఆమె రాలేదని చెప్పడానికి వెళ్లిన భర్త చేతికి పాస్టరమ్మగారు మైకిచ్చి, ఆ సంగతి అందరికీ చెప్పమన్నారు. బస్సు నిండా పిల్లలు అరిచినా చలించని మనిషికి మైకు చూస్తే వణుకు. "మా ఆవిడ నాలుగు కట్టల కోసం వెనక్కి వెళ్లిందండి. తప్పు తనదేనంట. వందనాలు" అని కూర్చున్నాడు. ఆ తర్వాత వెనక వరసలో ఒక ముసలావిడ ప్రార్థన మొదలుపెట్టిందట.

"వారం రోజులు నేర్చుకున్నది నేను, సాక్ష్యం చెప్పొచ్చింది ఆయన!" అని ఇప్పటికీ వాపోతుంది. గది బాధ్యత ఆమెకు రాలేదు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న చిన్నమ్మాయికి ఇచ్చారు. ఆ రోజు ఇంటికెళ్లి కొంచెం ఏడ్చానని దాచకుండా చెప్పింది.

కానీ పది రోజుల తర్వాత ఆ అమ్మాయే వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, ఒకటి చెప్పనా? కిందటి నెల నేనొక పళ్లెం సరిగ్గా ఆరకుండానే చుట్టేశాను. భయమేసి ఎవరికీ చెప్పలేదు."

"నాతో చెప్పొచ్చుగా!"

"మీతోనా? మీతో ఎలా చెప్తామక్కా?"

ఆ మాట నాతో చెప్పి ఆమె చేతిలోని పట్టకారును వెలుతురుకు ఎత్తి, పళ్ల మధ్య ఏమైనా ఉందేమో చూసింది.

"చూశారా? నేను దేవుడి కోసం నన్ను నేను ప్రత్యేకంగా ఉంచుకుంటున్నాననుకున్నాను. వీళ్ల నుంచి దూరంగా ఉంచుకున్నాను. ఇన్నేళ్లు నా పక్కన నిలబడి పనిచేస్తూ, భయాన్ని మింగుకున్నారు పాపం. ఆ నాలుగు కట్టలు తడవకపోతే నాకిది తెలిసేది కాదు. దానికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను."

ఇప్పుడు ఆమెను ఎవరూ పరిశుద్ధమ్మ అనడం లేదు. అక్క అంటున్నారు. భోజనాల దగ్గర గుసగుసలు మొదలైతే లేచిపోవడం మానేసింది. "పాపం, ఆమెకేం కష్టమొచ్చిందో" అని ఒక మాట అంటుంది. గుసగుసలు అక్కడే చల్లబడతాయి.

మేం మాట్లాడుతుండగానే ఇప్పుడు గదికి పెద్దయిన ఆ అమ్మాయి వచ్చింది.

"అక్కా, నా గ్లౌజు చిరిగింది. చూసుకోకుండా ఆ కట్ట సర్దేశాను."

"మంచిపని చేశావు చెప్పి. విప్పు, నేనూ ఒక చెయ్యి వేస్తాను."

ఇద్దరూ చెరో అంచు పట్టుకుని ఆకుపచ్చ గుడ్డ మడిచారు. అమ్మాయి టేపు అంటించింది. ఆమె బొటనవేలితో అదిమి పెట్టింది. ఈసారి ఇద్దరి పెదవులూ కదిలాయి.