మంగళం పాడనివ్వని సోమమ్మ

మా రాయినిపేట కోటబజారు గురించి ఇప్పుడు గొప్పలు చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొరతనం పోయి కోటకు తాళం పడ్డాక, వారం అంగడి కూడా బస్సులు ఆగే కొత్త రోడ్డుకు తరలిపోయాక, ఈ బజారు ముఖం చూసినవాడు లేడు. మా నాయిన కిరాణం దుకాణానికి ఒక తలుపే తెరిచేవాడు. రెండోది తెరవడం దండగ అనేవాడు. అలాంటి బజారును నిలబెట్టింది కురుమ సోమమ్మ. సన్నటి మనిషి, నోరు మాత్రం పెద్దది.

ఆమె పెనిమిటి భిక్షం ఒగ్గుకథ చెప్పేవాడు. చేతిలో ఒగ్గు అనే చిన్న డమరుకం ఆడిస్తూ, వెనుక డోళ్లు మోగుతుంటే కురుమల దేవుడి కథను నిలబడి చెబుతూ ఆడేవాడు. జ్వరం వచ్చి పోయాడు. అతని వంతపాటగాళ్లు సాగరు డ్యాం పనికి కూలికి వెళ్లిపోయారు. ఇక మిగిలింది భిక్షానికి కథ నేర్పిన ముసలి మారయ్య ఒక్కడే.

సోమమ్మ అతని గడపలో కూర్చుంది. "మామా, నువ్వు పోతె కథ గూడ నీ ఎంబడే పోతది. పిల్లలకు నేర్పు. జాగా నేను చూపిస్త" అంది.

ఆమె చూపిన జాగా కోట ముందున్న ఏనుగుల శాల. ఏనుగులు ఎప్పుడో పోయాయి, సోమమ్మ తన గొర్రెలను రాత్రిళ్లు అందులోకే తోలేది. వాటిని పక్కనున్న దొడ్డికి మార్చి, పెంట ఎత్తిపోసి, నేల అలికి, 1956లో తొలి వానలు పడగానే బడి పెట్టించింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కురుమల, గొల్లల పిల్లలు వచ్చి అక్కడే ఉండి డోలు, ఆట, కథ నేర్చుకునేవాళ్లు. వాళ్లకు జొన్నగట్క ఆమె వండేది. ఎవరైనా దెబ్బ తప్పితే గురువు కంటే ముందే పొయ్యి దగ్గరి నుంచి తిట్టు వినపడేది.

రెండేళ్లు గడిచాయి. పంచాయతీ ప్రెసిడెంటుకు కొత్త రోడ్డు మీద గోదాము కట్టాలని బుద్ధి పుట్టింది. మనిషే రాని బజారులో అంత పెద్ద శాల ఎందుకు, కూల్చి రాళ్లు తీసుకొస్తే సరి అన్నాడు. ఒక సోమవారం పొద్దున మేస్త్రి ఎల్లయ్య గడ్డపారలతో కూలీలను వెంటబెట్టుకొని వచ్చాడు.

సోమమ్మ వాళ్లతో పోట్లాడలేదు. లోపలికి తిరిగి, "మామా, కథ ఎత్తు" అంది.

"గిప్పుడా?" అన్నాడు మారయ్య.

"గిప్పుడే."

పసుపు, బియ్యప్పిండితో నేల మీద పట్నం ముగ్గు వేసి, దేవుణ్ణి నిలిపి కథ ఎత్తితే, మంగళం పాడేదాకా ఆ చోటు దేవుడిదే. అక్కడ ఎవరూ పార దించరు. ఎల్లయ్య కూలీలు ఈ చుట్టుపక్కల వాళ్లే, ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. గడ్డపారలు గోడకు ఆనించి కథ వినడానికి కూర్చున్నారు.

"కథ ఒడువంగనే పని మొదలువెడ్తం సోమక్కా" అన్నాడు ఎల్లయ్య మర్యాదగానే.

"ఒడువనీ" అంది ఆమె.

పొద్దుగూకుతుండగా మారయ్య మంగళం అందుకోబోయాడు. సోమమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు మామా. మిగిలింది వచ్చే సోమారం."

ముసలాయన ఒగ్గు కింద పెట్టేశాడు. "కథ నడుమ నిలిపినోళ్ల ఇంట్ల మంద నిలువదు. నీకెరుక లేదా?"

"ఎరుకే. నా పేరు మీద నిలుపు. గా పాపం నీకు, పిల్లలకు రావద్దు."

"నీకున్నయే ఆ నాలుగు గొర్లు గదా, బిడ్డా."

"ఇచ్చెటందుకు అయ్యన్న ఉన్నయి గనుకనే నిలుపుమంటున్న" అంది సోమమ్మ.

బయటి ఊరి కూలీలను తెస్తానని ప్రెసిడెంటు వారమంతా ఎగిరిపడ్డాడు. మరుసటి సోమవారం శాల ముందు కూర్చున్న జనాన్ని చూసి గొంతు తగ్గించాడు. ఓట్లు అడుక్కునే మనిషి కదా మరి.

కథ సోమవారం సోమవారం సాగింది. దేవుడి పెళ్లి దాకా వచ్చి, మళ్లీ దేవుడి తాతల దగ్గరికి వెనక్కి పోయేది. వినేవాళ్లకేం, విన్నదే వినడానికి వచ్చేవాళ్లు. కథకు వచ్చే గొర్లకాపర్లు అమ్ముకునే పొట్టేళ్లను కూడా తోలుకొచ్చి శాల ముందే బేరం పెట్టారు. వాళ్ల కోసం గొంగళ్లు నేసేవాళ్లు వచ్చారు. వీళ్లందరి కోసం అమృతమ్మ చాయ్ హోటలు తెరిచింది. మా నాయిన రెండో తలుపు తెరవబోతే మడతబందులు తుప్పుపట్టి రాలేదు, నూనె పోసి గుంజాల్సి వచ్చింది.

1960 వానాకాలంలో గొర్రెలకు అమ్మవారు పోసింది. అందరి మందలూ దెబ్బతిన్నాయి. సోమమ్మ మందలో ఒక్కటీ మిగల్లేదు. ఖాళీ దొడ్డిలో నేల మీద కూర్చొని ఆమె ఏడుస్తుంటే నేను చూశాను. అంత గట్టి మనిషి అలా ఏడవడం చూసి నాకు భయమేసింది.

మారయ్య వచ్చి పక్కన కూలబడ్డాడు. "ఇగ చాలు బిడ్డా. మంగళం పాడ్త."

"మంద పాయె. ఇగ నన్ను ఏం జెప్పి భయపెడ్తవు మామా?" ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గొర్లను మళ్ల పెంచుకోవచ్చు. శాల కూలినంక మళ్ల ఎవలు కడ్తరు?"

ఆ సోమవారం కూడా డోళ్లు మోగాయి. ఆ జబ్బు కథ ఆపినందుకు వచ్చిందని నేను నమ్మను. ఆమె నమ్మింది. నమ్మి కూడా వెనక్కి తగ్గలేదు. ఆమెను తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అదే.

మరో రెండేళ్లకు వారం అంగడి ఎవరూ పిలవకుండానే కోటబజారుకు తిరిగొచ్చింది. ప్రెసిడెంటు కూడా వచ్చాడు, ఈసారి చెప్పులు బయట విడిచి. "శాల బడికే ఇచ్చినం సోమమ్మా. పంచాయతీల అందరు ఒప్పుకున్నరు. ఇగనన్న నీ కథ ఒడగొట్టు" అన్నాడు.

"గదే మాట బయటికొచ్చి నలుగురు వినేటట్టు చెప్పు పటేలా" అంది. ఆయన బయటికొచ్చి చెప్పాడు.

ఆ వచ్చే సోమవారం మారయ్య మంగళం పాడాడు. కర్పూర హారతిని మొదట మంద ఉన్నవాళ్లకు ఇవ్వడం ఆనవాయితీ. సోమమ్మ వెనక్కి జరిగి స్తంభం పక్కన నిలబడింది. మారయ్య పళ్లెం పట్టుకొని జనాన్ని దాటి నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాడు.

"నాకెక్కడిది మామా మంద?" అంది.

మారయ్య డోళ్లతో నిలబడ్డ పిల్లల వరుసను చూపించాడు. "మరి గిదేంది?"

సోమమ్మ, సాయంత్రం దొడ్డిలోకి వచ్చే గొర్రెలను తడిమి చూసుకున్నట్టు, ఒక్కొక్కరి వీపు మీద చెయ్యి వేస్తూ వరుస చివరిదాకా నడిచింది. చివర ఆగి, ఒకడు తక్కువయ్యాడని వెనక్కి చూసింది.

"గోపయ్య యేడి?"

"అమృతమ్మ హోటల్ల చాయ్ తాగుతుండు" అన్నారెవరో.

"పిలువుండ్రి వాణ్ని. వాడొచ్చేదాక హారతి ఆరొద్దు" అంది.

మారయ్య పళ్లెంలో ఇంకో కర్పూరం బిళ్ల వేశాడు.